నీడపట్టున నిలిచిన కళ

రోహిణికార్తె ప్రవేశించినదనిన మా తార్నాక వీథులకు పగలు 11 గంటలకే నడిరేయి వచ్చినట్లగును. ఇండ్ల తలుపులు మూతపడును. తాటిముంజలమ్మువారును, పుచ్చకాయల బండ్లవారును వేపచెట్ల నీడకు జరుగుదురు. హబ్సిగూడ వైపు సాగు తారుబాట మీద గాలి కంటికి కనబడునట్లు అలలు తిరుగుచుండును. ఈ కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పిన మాట, రాతినేల మీద వెలసిన ఈ హైదరాబాదు నగరమున ఒట్టి అలంకారము కాదు. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన యెత్తున నుండియు, 1966 జూన్ 2వ తేదీన ఇచ్చటి ఉష్ణమానము 45.5 డిగ్రీలను తాకినది. అట్టి యెండలో ఇల్లు విడిచి చిత్రములను, శిల్పములను చూడబోవువారు కూడ ఉందురా యని అడిగినచో, వేసవి సెలవులలో పిల్లల చేతులు పట్టుకొని మూసీ యొడ్డుననున్న సాలార్‌జంగ్ మ్యూజియమునకు బారులు తీరు కుటుంబములే అందుకు సమాధానము. పల్లెల నుండి చుట్టములు దిగినను, పరీక్షలు ముగిసి విద్యార్థులకు తీరిక చిక్కినను, మొదట తలపునకు వచ్చునది ఆ ప్రయాణమే.

ఎండయే మనలను అచ్చటికి తోలుచున్నది. అందులో సిగ్గుపడవలసినది లేదు. ఈ దక్కను పీఠభూమిపై చల్లదనమును, కళయును చిరకాలముగా ఒకే కప్పు క్రింద కాపురమున్నవి. ఎండకు వెరచి మనుష్యుడు తొలిచిన గుహలలో, త్రవ్విన బావులలో, కట్టిన దేవిడీలలో, అనగా ప్రభువుల లోగిళ్ళలో, ఎత్తిన రాతి మంటపములలో కళ తలదాచుకొనినది. ఆ నీడ ఒకప్పుడు కొందరిదిగా ఉండి, ఇరువదవ శతాబ్దమున అందరిది యైనది. ఈ మార్పునకు కథ కలదు. ఆ కథను మా ప్రాంతము నుండియే మొదలుపెట్టవచ్చును.

తార్నాక యను పేరునకు పెద్దలు చెప్పు వ్యుత్పత్తి సులభమైనది: ఉర్దూలో తార్ అనగా తీగ, నాకా యనగా కాపలా యుండు చోటు, తీగకంచె గల తోట యొకటి యిచ్చట నుండెననియు, దాని కాపలా ద్వారమే ఊరి పేరుగా నిలిచినదనియు అందురు. దీనికి దక్షిణమున విస్తరించిన అడిక్‌మెట్టు భూములు, అసఫ్‌జాహీల కాలమున కవయిత్రిగను, నర్తకిగను పేరు గాంచిన మహలఖా బాయి చందా జాగీరులో నుండెడివి. 1768లో పుట్టి 1824లో మరణించిన ఈమె, ఉర్దూ గజళ్ళను దీవానుగా, అనగా కవితాసంపుటిగా, కూర్చిన తొలి స్త్రీలలో ఒకతె. ఆ దీవాను ప్రతి నొకదానిని 1799లో జాన్ మాల్కమ్ అను ఆంగ్లాధికారికి కానుకగా నీయగా, అది కాలక్రమమున లండను చేరినది. ఆమె సమాధి మౌలాలి గుట్ట పాదమున నున్నది. ఆమె పేరు మోయు మెట్లబావి ఆ అడిక్‌మెట్టు భూములలోనే నిలిచియున్నది. మెట్లబావి యనునది నీళ్ళ కొరకు మాత్రమే త్రవ్వినది కాదు. మండువేసవిలో ఒక్కొక్క మెట్టే దిగుచుండగా, పైనున్న వడగాలి పైననే నిలిచిపోయి, రాతిగోడల చెమ్మ మేనికి సోకి, మాటలు సయితము మెల్లనగును. ఆ దిగుటలో గల శాంతిని ఎరిగినవానికి చిత్రశాలలోనికి అడుగిడుట క్రొత్త యనుభవము కాదు.

ఈ అడిక్‌మెట్టు భూములపైననే ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో 1918లో స్థాపితమై, మరుసటి యేడు నగరములోని అద్దె భవనములలో తరగతులు ప్రారంభించిన ఈ సంస్థ, ఆంగ్లమును గాక దేశభాషయైన ఉర్దూను ఉన్నతవిద్యకు మాధ్యమముగా గ్రహించి దేశమంతటి దృష్టిని ఆకర్షించినది. అచ్చటనే రాయప్రోలు సుబ్బారావు తెలుగు ఆచార్యులై ఆంధ్రభాషకు పీఠము నిలిపిరి. శాశ్వత నివాసమునకు అడిక్‌మెట్టు స్థలమును నిర్ణయించుటలో స్కాట్లండు దేశీయుడైన పుర నిర్మాణ పండితుడు ప్యాట్రిక్ గెడ్డెస్ సలహా కలదు. భవనముల రూపకల్పనకై నవాబు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇరువురు శిల్పులు విదేశ విశ్వవిద్యాలయములను చూచివచ్చుటకు పంపబడిరి. ఆ పర్యటన ఫలితముగా బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ ఈ పనికి నియుక్తుడయ్యెను. జాస్పర్ అంతకుముందు కైరో నగరపు అంచున, ఎడారి ఇసుకలో క్రొత్తగా లేచిన హీలియోపొలిస్ పట్టణమున పనిచేసినవాడు. మండుటెండలో కట్టుట యెట్లో ఎరిగినవాడు మా గుట్టలకు వచ్చుట మా యదృష్టము.

ఆర్ట్స్ కళాశాలకు 1934 జూలై 5న పునాది పడెను. 1939 డిసెంబరు 4న నిజాము దానిని ప్రారంభించెను. లేతగులాబి వన్నె గల గ్రానైటు రాతితో లేచిన ఆ సౌధమును చిత్రములలో చూడనివారుండరు. కాని దానిని చూడవలసిన వేళ మే మాసపు మిట్టమధ్యాహ్నము. ఎదుటి మెట్లపై నిలిచిన కాళ్ళకు చెప్పులుండియు సెగ తగులును, రాతిముఖమునుండి వెలుగు కన్నులలోనికి చిమ్మును. అటనుండి పది యడుగులు లోపలికి వేయుడు. ఎత్తైన కమాను క్రింద వెలుగు ఒక్కసారిగా వెనుకకు తగ్గును. స్తంభమునకు అరచేయి యానించినచో చల్లగా తగులును. దళసరి రాతిగోడ ఉదయమునుండి మ్రింగుచున్న వేడిమి లోపలి ముఖమునకు చేరునప్పటికి ప్రొద్దు వాలును. ఆ స్తంభములను తేరిపార చూచినచో వాని బోదెలలో, దిండ్లలో అజంతా ఎల్లోరా గుహలయందలి స్తంభముల పోలిక కనబడును. వానిపై లేచిన కమానులలో బీదరు కట్టడముల వంపును, అరబ్బు దేశపు నగిషీయును తెలియును. అజంతా, ఎల్లోరా, బీదరు మూడును నాడు హైదరాబాదు రాజ్యములోనివే. రాజ్యపు కళాసంపదనంతను ఒక్క చదువులయింటి ద్వారమున కూర్చిన ఈ భవనము, టిక్కెట్టు లేని మ్యూజియము. అందు చదువుకొనుచునే దానిని చూడక వెళ్ళిపోయిన వేలమందిని తలచినప్పుడు నా మనస్సు కలుక్కుమనును.

ఇక నగరములోని నీడలకు పోవుదము. ప్రభువర్గము వేసవిని గడపిన తీరు వారి దేవిడీల కట్టుబడిలోనే వ్రాసియున్నది. బయటి వీథికి ఎత్తైన ప్రహరీ, చిన్న ద్వారము, లోపల ఒకదాని వెనుక నొకటిగా చదరపు ముంగిళ్ళు, వాని నడుమ నీటి తొట్లు, చుట్టును వరండాలు, గోడలు డంగుసున్నముతో మూరెడు, రెండుమూరల దళసరి. ద్వారములకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లుచుండగా, వడగాలి ఆ తడి వేళ్ళ గుండ దూరి, పరిమళించి, చల్లబడి లోపలికి వచ్చెడిది. అట్టి లోగిళ్ళలో మధ్యాహ్నము ఎటుపోవుటకును వీలులేక కూర్చున్న వారికి రెండే వ్యాపకములు: మాటలు వినుట, వస్తువులు చూచుట. వ్రాతప్రతి యొకటి విప్పుట, ఆకుపచ్చరాతి పిడి గల కత్తిని చేతులు మార్చుకొని పరికించుట, ముఱక్కా యను చిత్రసంపుటి నొకదానిని తిరుగవేయుట, ఇవి సంపన్నుల వేసవి వినోదములు. వెలుపల ఎండలో రాళ్ళు కొట్టువానికి ఆ ద్వారము మూసియుండెను. ఈ నిజమును దాచి దేవిడీల సౌందర్యమును మాత్రము కొనియాడుట ధర్మము కాదు.

అట్టి లోగిళ్ళలో పెద్దది మూసీకి దక్షిణమున, చార్మినారుకు సమీపముననున్న దివాన్ దేవిడీ. 1853 నుండి 1883లో తాను మరణించువరకు ముప్పది సంవత్సరములు నిజాము రాజ్యమునకు దివానుగా నుండిన మీర్ తురాబ్ అలీఖాన్, అనగా మొదటి సాలార్‌జంగు, 1876లో ఐరోపా యాత్ర చేసినప్పుడు రోము నగరమున ఇటలీ శిల్పి జియోవన్ని మరియా బెంజోని చెక్కిన ‘మేలిముసుగు రెబెక్కా’ పాలరాతి విగ్రహమును కొనెను. అతని మనుమడు మీర్ యూసుఫ్ అలీఖాన్, అనగా మూడవ సాలార్‌జంగు, 1889లో జన్మించెను. కొద్ది వారములకే తండ్రిని పోగొట్టుకొనెను. 1912లో దివాను పదవికి వచ్చి 1914లో దానిని విడిచెను. పదవి విడిచిన పిదప ఆయనకు మిగిలినది ఒక్కటే వ్యసనము. నలుమూలల వర్తకులు ఆయన ద్వారమున నిలిచెడివారు; ఐరోపా నుండి జాబితాలు వచ్చెడివి; చైనా పింగాణి, ఫారసీ తివాసీలు, మొగలు పచ్చరాతి పనులు, దక్కను చిత్రములు, గడియారములు, బొమ్మలు, గ్రంథములు, ఏ జాతి వస్తువునకును ఆ యింట చోటు లేదనుట లేదు. వివాహము లేదు, సంతానము లేదు. 1949 మార్చి 2న ఆయన మరణించునప్పటికి ఇల్లంతయు వస్తువులతో క్రిక్కిరిసియుండెను.

అప్పటికి రాజ్యము భారతయూనియనులో కలిసి దాదాపు ఆరు మాసములు గడచినవి. వారసుల తగవులలో చెదరిపోదగిన ఆ సంపదను మ్యూజియముగా నిలుపవలెనను సంకల్పము పాలనాధికారియైన ఎం.కె. వెల్లోడి కాలమున రూపుగట్టినది; కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువులను ఎంచి యమర్చెను. 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే దానిని ప్రజలకు తెరచెను. ఒక శతాబ్దకాలము దివానుల అతిథులకు మాత్రమే అలవడిన ద్వారమున నాడు నాంపల్లి రిక్షావాడును, పాలమూరు రైతును, గోషామహలు గృహిణియు ప్రవేశింపగలిగిరి. ఈ చిన్న వాక్యములో ఎంత చరిత్ర యున్నదో, చదువరి నిలిచి తలపవలెను. 1961లో పార్లమెంటు చట్టము దీనిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. 1968లో సేకరణ మూసీ దక్షిణపు టొడ్డుననున్న నేటి భవనమునకు మారినది. 1908 సెప్టెంబరు 28న ఉప్పొంగి వేలమందిని పొట్టన బెట్టుకొనిన నదియే యిది. ఆ యొడ్డుననే నేడు 40 వేలకు పైబడిన కళావస్తువులు భద్రముగా నున్నవి. దివాన్ దేవిడీ మాత్రము దాదాపు రూపుమాసిపోయి, పాత ద్వారములు కొన్ని మాత్రమే బజారుల నడుమ మిగిలినవి.

వేసవి మధ్యాహ్నమున ఆ మ్యూజియములో చూడదగిన దృశ్యము గడియారపు మంటపమున కలదు. కుక్ అండ్ కెల్వీ సంస్థ కలకత్తాలో కూర్చిన సంగీత గడియారము అచ్చట నున్నది. అందు కమ్మరివాని వంటి బొమ్మ సుత్తితో క్షణములను లెక్కించుచుండగా, గంటగంటకు గడ్డపు బొమ్మ యొకటి చిన్న తలుపు తీసికొని వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైన అన్ని మారులు ఘంటను మ్రోగించి, మరల లోపలికి పోవును. పన్నెండు గంటల వేళ దెబ్బలు ఎక్కువ గనుక జనమును ఎక్కువ. ఒక మే నెలలో నేనచ్చట కూర్చుండగా, నల్లగొండ వైపునుండి వచ్చిన ముదుసలి యొకతె, కొంగు తడిపి మనుమని నెత్తిన వేసి, నా ప్రక్కన చేరినది.

“నాయనమ్మా, ఆయన ఎప్పుడొస్తడు?” అని ఆ పిల్లవాడు మూడవసారి అడిగెను.

“ఇగ వస్తడు బిడ్డా, కండ్లు ఆర్పకు,” అని ఆమె బదులిచ్చినది.

బొమ్మ వెలుపలికి వచ్చెను. ఒకటి, రెండు, మూడని వందల కంఠములు మెల్లగా లెక్కపెట్టినవి. పన్నెండవ దెబ్బ ముగిసి చిన్న తలుపు మూతపడిన పిదప కూడ ఆ పిల్లవాడు తలుపువంకనే చూచుచుండెను. నాయనమ్మ మాత్రము మనుమని ముఖమును చూచుచుండెను. కళను చూచుట యనునది ఎవరును నేర్పకయే వచ్చు విద్య యని నాకు నాడు తెలిసినది. వేచియుండుట కావలెను, అంతే. వేచియుండుటకు నీడ కావలెను.

రెబెక్కా గదిలో వేరు విధమగు నిశ్శబ్దము. బైబిలు కథలోని ఆ కన్య తనకు కాబోవు భర్త ఇస్సాకును తొలిసారి చూచినప్పుడు ముసుగు వేసికొనినది. శిల్పి చెక్కినది ఆ ముసుగును. ఒకే పాలరాతి నుండి ముఖమును, ముఖముపై నున్న పలుచని వస్త్రమును రెండింటిని తీసినాడు. వస్త్రము వెనుక కనురెప్ప వాలియున్నట్లును, పెదవుల అంచు మెరయుచున్నట్లును తోచును. దగ్గరకు పోయి చూచినచో ఇదేమియు వస్త్రము కాదు, రాయి యెచ్చట పలుచనైనదో, ఎచ్చట మందమైనదో, అంతయు ఉలి చేసిన కొలత. తడిసిన మేలిముసుగు ముఖమున కంటుకొనినట్లున్న ఆ భ్రాంతి వడగాలిలోనుండి వచ్చినవారికి తాకినంతగా చలికాలపు సందర్శకులకు తాకదని నా నమ్మకము. ఎదుట నిలిచిన స్త్రీలు తమ కొంగులను సవరించుకొనుట నేను పలుమారులు గమనించితిని.

గదులు చీకటిగా నున్నవని సందర్శకులు కొందరు విసుగుకొందురు. ఆ చీకటికి కారణమెరిగినచో దానిపై గౌరవము కలుగును. వేసవి సూర్యుని వెలుగు ఆరుబయట లక్ష లక్సులకు మించును. నీటిరంగుల చిత్రమునకు, వ్రాతప్రతికి, నూలు పట్టు వస్త్రములకు తగునని మ్యూజియముల వారు నిర్ణయించిన వెలుగు 50 లక్సులు మాత్రము. నీలి, పసుపు రంగులు వెలుగునకు వెలిసినచో మరల రావు. ఏ వైద్యునికిని ఆ రోగము కుదురదు. దంతమునకును, కొయ్యకును శత్రువు మరియొకటి: గాలిలోని తేమ తగ్గినప్పుడు ఇవి కుంచించుకొనును, పెరిగినప్పుడు ఉబ్బును, రోహిణిలో ఎండి, ఆరుద్రలో తడిసి, పగలొక తీరున రేయొక తీరున మారుచుండిన దంతపు కుర్చీ కొన్ని యేండ్లకు బీటవారును. కావున గాలియొక్క వేడిమిని, తేమను ఒకే తీరున నిలుపుటయే కాపలావాని ప్రధాన ధర్మము. పూర్వము దివానుల సుఖముకొరకు వట్టివేళ్ళ తడకలు చేసిన పనిని నేడు యంత్రములు వస్తువుల క్షేమముకొరకు చేయుచున్నవి. ఆ చల్లదనములో పాలు మనకును దక్కుచున్నది.

నాంపల్లి చేరువ పబ్లిక్ గార్డెన్సులో, ప్రజలు బాగె ఆమ్ అని పిలుచుకొనిన తోటలో, ఇంకొక నీడ యున్నది. నిజాము రాజ్యమున 1914లో పురావస్తు శాఖ యేర్పడి గులాం యజ్దానీ దానికి తొలి అధిపతి యైనప్పటి నుండి త్రవ్వకములలో దొరకినవియు, కానుకలుగా వచ్చినవియు ఒకచోట చేర్చగా, 1930లో అచ్చట హైదరాబాదు మ్యూజియము వెలసినది. పిల్లలు అచ్చట మొదట అడుగునది ఈజిప్టు నుండి వచ్చిన మమ్మీని. ఉప్పుతో ఎండబెట్టుటయే ఒక దేహమును వేల సంవత్సరములు నిలిపినదని విన్నప్పుడు, ఎండుటను నాశనముగనే ఎరిగిన మనకు ఆశ్చర్యము కలుగును. కొండాపురము త్రవ్వకములలో బయల్పడిన శాతవాహనుల కాలపు మట్టిబొమ్మలు, నాణెములు అచ్చటివే. కాకతీయుల నల్లరాతి శిల్పముల నునుపు చూచినవారికి వేయిస్తంభముల గుడి కన్నుల యెదుట మెదలును. శాసనముల ఎదుట నిలిచినప్పుడు తెలుగువారు మరువరానిది, కొమర్రాజు లక్ష్మణరావు పేర నిలిచిన పరిశోధక మండలి చేసిన కృషి. అధికారభాషగా ఉర్దూ నడచుచున్న రాజ్యమున ఆ మండలివారు ఊరూర తిరిగి కూర్చిన తెలంగాణా శాసనముల సంపుటము 1935లో వెలువడినది.

కాని ఆ మ్యూజియములో నన్ను మాటిమాటికి రప్పించునవి అజంతా ప్రతిచిత్రములు. వాని వెనుక నొక దుఃఖగాథ యున్నది. 1819లో ఆంగ్ల సైనికాధికారి కంటబడిన ఆ గుహలలోని చిత్రములను రాబర్ట్ గిల్ ఏండ్ల తరబడి నకలు వ్రాసి లండనుకు పంపగా, వానిలో పెక్కు 1866లో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదమున దగ్ధమైనవి. పిదప జాన్ గ్రిఫిత్సు, బొంబాయి కళాశాల విద్యార్థులు మరల వ్రాసిన నకళ్ళలో ననేకములు 1885లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమున నిప్పుపాలైనవి. గుహల చల్లని చీకటిలో దాదాపు పదునైదు శతాబ్దములు నిలిచిన రూపములు, దూరదేశపు గాజుపెట్టెలలో ఇరువది యేండ్లు నిలువలేకపోయినవి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో క్రిస్టియానా హెర్రింగ్‌హాం అను ఆంగ్ల మహిళ మరల పూనుకొనినప్పుడు, ఆమెకు తోడుగా నందలాల్ బోసు, అసిత్ హల్దార్ మొదలగువారితో పాటు హైదరాబాదు చిత్రకారులు సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీనులు కూడ గుహలలో కూర్చుండిరి. అటుపిమ్మట నిజాము ప్రభుత్వము 1920 ప్రాంతమున ఇటలీ నుండి చెక్కోని, ఒర్సినీ అను నిపుణులను రప్పించి, పెచ్చులూడు చిత్రములకు రక్షణ కల్పించినది. సయ్యద్ అహ్మద్ తన జీవితమును ఆ చిత్రముల నకళ్ళకే ధారపోసెను. అసలు చిత్రములు మసకబారుచున్న కొలది, నాడు వ్రాసిన నకళ్ళే సాక్ష్యములగుచున్నవి. ఆర్ట్స్ కళాశాల స్తంభములలో తలయెత్తిన అజంతా, ఈ తోటలో రంగులై కనబడును. ఉదయము ఆ స్తంభములను చూచి, మధ్యాహ్నము ఈ చిత్రములను చూచినవానికి దక్కను కళాచరిత్ర సగము తెలిసినట్లే.

నగరమునకు రాలేని పల్లెవానికి చిత్రశాల లేకపోయెనా? లేకేమి! చిత్రశాలయే అతని వాకిటికి నడచివచ్చెడిది. నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టి, ఎర్రని నేలమీద కులపురాణములను వరుస గదులుగా వ్రాసెడివారు. మూడడుగుల వెడల్పుతో పదుల అడుగుల పొడవు సాగు ఆ పటమును కథకులు విప్పుచు, ఒక్కొక్క బొమ్మకు కథ చెప్పుచు ఊరూర తిరిగెడివారు. పద్మశాలీల ఎదుట కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజుల ఎదుట కాకిపడగలవారు పాండవుల కథను విప్పుదురు. చేర్యాలలో ఆ విద్య నేటికిని బ్రతికియున్నది. ఈ పటములను పండితుల దృష్టికి తెచ్చినవారిలో హైదరాబాదులో స్థిరపడిన జగదీశ్ మిత్తల్ ముఖ్యుడు. శాంతినికేతనమున చదివిన ఆయనయు, భార్య కమలయు తమ సంపాదనను చిత్రములకే వెచ్చించి, కూర్చినదంతయు 1976లో ఒక ధర్మసంస్థకు అప్పగించిరి. సాలార్‌జంగు జాగీరుతో కూర్చినదానిని మిత్తల్ దంపతులు జీతములతో కూర్చిరి. చూపు గలవానికి ధనము తరువాతిదని వారి జీవితము చెప్పుచున్నది.

తార్నాకవాసులకు ఈ నీడలన్నియు దూరము కావు. 1932లో నిజాము స్టేటు రైల్వేవారు 27 బస్సులతో నడపనారంభించిన రోడ్డు రవాణాయే నేటి ఆర్టీసీకి మూలము. ఆ బస్సులలోనే మా పెద్దలు అఫ్జల్‌గంజికి పోయిరి. విశ్వవిద్యాలయపు ఉర్దూ పేరును జామె ఉస్మానియా రైలు స్టేషను నేటికిని మోయుచున్నది. 2017 నుండి మా కూడలిలో మెట్రో ఆగుచున్నది. పరేడ్ గ్రౌండ్సులో బండి మారి మహాత్మాగాంధి బస్‌స్టేషనులో దిగినచో సాలార్‌జంగ్ మ్యూజియము చేరువనే యుండును. అటనుండి మియాపూరు వైపు బండి ఎక్కినచో అసెంబ్లీ స్టేషను వద్ద పబ్లిక్ గార్డెన్సు ఎదురగును. ప్రయాణములోనే యెండ సగము తప్పును.

అయినను ఒక్క మాట చెప్పవలెను. ఒక్క దినమున మ్యూజియమంతయు చూడవలెనను తొందరతో గదిగదికి పరుగిడువారు అలసటను తప్ప మరేమియు ఇంటికి తీసికొనిపోరు. సాలార్‌జంగు నలుబది యేండ్లు కూర్చినది నాలుగు గంటలలో కన్నులకెక్కునా? వేసవి మధ్యాహ్నమునకు ఒక్క గది చాలును. పదిగంటలకు తలుపులు తెరచినప్పుడే లోనికి పోయి, పచ్చరాతి గదిలోనో, చిన్నచిత్రముల గదిలోనో, ఒకే వస్తువు ఎదుట పావుగంట నిలువవలెను. జహంగీరు కత్తిపిడిపై వ్రేలిముద్ర పట్టిన నునుపు, దక్కను చిత్రములో బంగారు నేలపై పూచిన చిన్న పువ్వు, ఇవి తొందరపడువారికి కనబడవు. ఎండ మన నడకను నెమ్మదింపజేయును. నెమ్మదించిన నడకయే కళకు కావలసినది. ఈ విధముగా ఎండ మనకు ఉపాధ్యాయుడు.

విశ్వవిద్యాలయమున చదువు యువతీయువకులకు నాదొక మనవి. సెలవులలో ఊరికి పోవునపుడు ఒక్క దినము ఆగుడు. ఉదయము ఆర్ట్స్ కళాశాల స్తంభములను కన్నులార చూడుడు. మధ్యాహ్నము మూసీ యొడ్డునకో, పబ్లిక్ గార్డెన్సుకో పొండు. మీ యింటినుండి ఇంతవరకు మ్యూజియము గడప త్రొక్కని వారిని, అమ్మనో, నాయనమ్మనో, పక్కింటి పిల్లవానినో వెంటబెట్టుకొని పొండు. శుక్రవారము మాత్రము సెలవని మరువకుడు. దివాన్ దేవిడీ ద్వారము లోపలి నీడ ఒకప్పుడు ఒక్క కుటుంబముది. 1951 డిసెంబరు 16 నుండి అది మనది.